ఇంటి గదిలో మిగ్-21: యుద్ధవిమాన సిమ్యులేటర్ల చరిత్ర

రాజపాళయము చేరువనున్న తళవాయిపురము పేరు వినగానే దళవాయి యను పాత మాట జ్ఞప్తికి వచ్చును. మధుర నాయకరాజుల కొలువున సేనాధిపతిని దళవాయి యనెడివారు. పాళెమన్నను సేనలు విడిసిన తావే. తరతరముల క్రిందట దక్షిణమునకు తరలివచ్చి ఈ సీమను స్వస్థలముగా చేసికొన్న మన తెలుగు కుటుంబముల యూళ్లపేళ్లలో సాము గరిడీల ఛాయ నేటికిని చెక్కుచెదరక యున్నది. గరిడీలో కుఱ్ఱవాని చేతికి మొదటిరోజే పదునైన కత్తి నియ్యరు. ముందు కఱ్ఱతో సాధన. అడుగు తప్పక పడిన పిమ్మటనే ఉక్కు. కఱ్ఱసాములో దెబ్బ తగిలిన బొబ్బ కట్టును గాని ప్రాణము పోదు. ఆకాశయుద్ధమునకు సైతము ఇట్టి కఱ్ఱకత్తి యొకటి కలదు. దానినే సిమ్యులేటరందురు. అది సైన్యముల శిక్షణశాలలను దాటి నేడు సామాన్య గృహములలోని బల్లల మీదికి వచ్చినది. మన పిల్లలు పలువురు సాయంకాలము దాని ముందు కూర్చుండుట చూచి పెద్దలు దానిని వట్టి ఆటగా తలంచుచున్నారు. దాని చరిత్ర కొంత తెలిసికొన్నచో ఆ యభిప్రాయము కొంత మాఱవచ్చును.

ఈ విద్యకు మూలపురుషుడు ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశస్థుడు. ఆయన తండ్రికి న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హామ్టన్ పట్టణమున వాద్యముల కార్ఖానా ఉండెను. తిత్తులలో గాలి నింపి ఆర్గను వాద్యమును మ్రోగించు పని బాల్యమునుండి యెరిగిన లింకు, ఆ తిత్తులనే ఒక బొమ్మ విమానము క్రింద అమర్చి, లోపల కూర్చున్నవాడు కఱ్ఱ త్రిప్పినపుడు అది ఒరుగునట్లు, ముక్కు నెత్తునట్లు చేసెను. ఇది 1929 నాటి మాట. తొలుత దానిని కొన్నవారిలో వినోదశాలల వారే మెండు. 1934లో అమెరికా సైన్యము తపాలా మోయు బాధ్యతను తలకెత్తుకొని, పొగమంచులోను చీకటిలోను విమానములను నడుపజాలక పలువురు యువకులను పోగొట్టుకొన్న తరువాతగాని ఆ బొమ్మ విలువ ఏలికలకు తెలియలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లక్షలాది విమానచాలకులు ఆ నీలిరంగు పెట్టెలో కూర్చుండియే తొలి పాఠములు నేర్చిరి. సంగీతవాద్యపు తిత్తులు సైనికుల ప్రాణములను కాపాడినవనుట వింతయే గాని అసత్యము గాదు.

ఇంటిలోనికి ఈ విద్యను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1975లో ఆయన వ్రాసిన సిద్ధాంతగ్రంథము, విమానగమనమును కంప్యూటరు తెరమీద చిత్రించు విధమును గూర్చినది. తరువాత ఆయన స్థాపించిన చిన్న సంస్థ, ఆపిల్ కంప్యూటరు కొఱకు 1979-80 ప్రాంతమున తొలి గృహ సిమ్యులేటరును వెలువరించెను. కొన్ని గీతలే కొండలు, మఱికొన్ని గీతలే నేల. అయినను అందులోనే మొదటి ప్రపంచయుద్ధపు విమానమెక్కి శత్రువుతో పోరు ముచ్చట యొకటి చేర్చబడియుండెను! అనగా ఇంటి సిమ్యులేటరు పుట్టిననాడే యుద్ధవిమానమును దానితోపాటు పుట్టినదన్నమాట. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ దానిని తన పేర ప్రకటించినది. అచ్చముగ యుద్ధవిమానములకే అంకితమైన ఫాల్కన్ 1987లో వచ్చెను. దాని సంతతిలో 1998 డిసెంబరున వెలువడిన ఫాల్కన్ 4.0 గూర్చి మాత్రము ఇంచుక నిలిచి చెప్పవలయును. ఎఫ్-16 విమానములోని రాడారును, ఆయుధములను, మీటలను అంత వివరముగా అంతకు ముందెవ్వరు సామాన్యుని కందింపలేదు. అది తప్పులకుప్పగా విడుదలైన మాటయు నిజమే. కొలదికాలములోనే నిర్మాణశాఖ మూతపడెను. 2000 సంవత్సరమున దాని మూలలిపి బయటికి పొక్కెను. అభిమానులు దానిని పట్టుకొని, జీతభత్యములు లేకయే ఏండ్ల తరబడి దిద్దిదిద్ది, నేటికిని సజీవముగా నిలిపియున్నారు. యజమాని విడిచిన యింటిని ఊరివారు కలిసి కాపాడినట్లున్నది ఆ కథ.

ఇక అనుబంధ విమానమనగా నేమి? మూల సిమ్యులేటరు ఆకాశమును, నేలను, గాలిని, కాలమును మాత్రమే సమకూర్చును. అందులో ఎగురు ఒక్కొక్క విమానమును వేరువేరు నిర్మాతలు చేసి అమ్ముదురు. కొందరు ఉచితముగనే ఇత్తురు. నాటకశాల యొకరిది, వేషము మఱియొకరిది. వేషములలో తరతమభేదములు పెక్కు. కొన్నింట బయటి రూపము మాత్రమే సుందరము; లోపలి గడియారములు బొమ్మలు. మఱికొన్నింట ఒక్కొక్క మీట వెనుక విద్యుత్తు పాఱు తీగ, ఇంధనపు పంపు, నూనె యొత్తిడి యన్నియు లెక్క కట్టబడియుండును. రష్యను నిర్మాతలు 1995లో సుఖోయ్-27ను తెరమీదికి తెచ్చి, 2008లో ఒక హెలికాప్టరుతో డీసీఎస్ అను వేదికను నెలకొల్పిరి. 2011లో వారు ప్రకటించిన ఏ-10సీ విమానము, అమెరికా సైనికుల బల్లమీది శిక్షణకై చేసిన దానినుండి పుట్టినది. అప్పటినుండి సైనిక శిక్షణకును గృహవినోదమునకును నడుమనున్న గోడ పలుచబడెను.

మన వారికి మిక్కిలి దగ్గరి చుట్టము మిగ్-21. ఈ బంధుత్వము బరువైనది. 1962లో భారత ప్రభుత్వము సోవియట్ దేశముతో ఒప్పందము చేసికొని, 1963లో తొలి విమానములను చండీగఢ్‌లో దళమున చేర్చుకొన్నది. విమానమును ఇచ్చటనే కట్టుటకై పని మూడుతావులకు పంచబడెను. దేహము మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర. ఎంజిను ఒరిస్సాలో తెలుగు సరిహద్దుకు ఎంతయో దూరము లేని కొరాపుట్‌లో. కన్ను, చెవి, నాలుక యనదగిన ఎలక్ట్రానిక్ పరికరములు మన హైదరాబాదులో. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హైదరాబాదు శాఖ 1965లో బాలానగరున నెలకొన్నది ఈ పని కొఱకే. కావున ఆ విమానములో చాలకుని చెవినబడిన ప్రతి మాట వెనుక, అతడు చూచిన పరికరములు పెక్కింటి వెనుక, తెలుగునేలమీద టంకము పెట్టిన చేయి యొకటి కలదు. 1971 డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు భవనముపై దాడిచేసిన విమానములలో మిగ్-21లు ఉన్న సంగతి అందఱెరిగినదే. బాలానగరు పనివారి సంగతి ఎవ్వరికిని గుర్తులేదు.

ఈ విమానపు మిగ్-21 బిస్ రూపము 2014లో డీసీఎస్ వేదికపై అనుబంధముగ వెలువడినది. నిజమెంత యని ప్రశ్నించువారికి నేను నాలుగు సంగతులు చూపుదును.

మొదటిది దిగుట. మిగ్-21 రెక్క త్రికోణాకృతి గలది. వేగముగా పోవునపుడు అది బాణమే గాని నెమ్మదిగా పోవుటకు అది మొగ్గదు. ముక్కు నెత్తినకొలది గాలి యడ్డు మెండై, విమానము క్రుంగును. గంటకు 300 కిలోమీటర్లను మించిన వేగముతో నేలవైపు దిగవలసిన యీ విమానమున, ఎంజిను నుండి గాలిని తెచ్చి రెక్క వెనుక పలకలమీద ఊదు ఏర్పాటొకటి కలదు. దానిని రష్యను భాషలో ఎస్పీఎస్ అందురు. ఎంజిను జోరుగా తిరుగునంతసేపు ఆ యూపిరి రెక్కను మోయును. నేల దగ్గరపడినదని తొందరపడి ఎంజినును తగ్గించితిమా, ఊపిరి ఆగి విమానము రాయివలె పడును. అనుబంధమున ఇదియంతయు నున్నది. క్రొత్తగా కొన్న యువకుడు ఇది సాఫ్ట్‌వేరు లోపమని ఫిర్యాదు చేయును. అది లోపము కాదు, విమానపు స్వభావము.

రెండవది బ్రేకు. దీని చక్రములను గాలి యొత్తిడితో ఆపుదురు. మీట చాలకుని కఱ్ఱమీదనే యుండును. ముక్కు చక్రము తనంత తాను త్రిప్పుడు పడదు. బ్రేకు పట్టి కాలిపలకను ఒకవైపు త్రొక్కినపుడు ఆ ప్రక్క చక్రము ఆగి, విమానము అటు తిరుగును. ఇతర విమానములకు అలవాటుపడినవాడు కాలిపలక మాత్రమే త్రొక్కి, విమానము తిరుగుట లేదని విసుగుకొనును. పైగా ఆ గాలి నిల్వ పరిమితము. ఊరక నొక్కుచుండిన తరగిపోవును. మూడవది ఆరంభము: బ్యాటరీ, విద్యుత్ మార్పిడి యంత్రములు, పంపులు, దిక్కు చూపు గైరోలు క్రమముగా మేల్కొనవలయును. రాడారు వేడెక్కుటకు సమయము పట్టును. వంటయింట పొయ్యి రాజుకొనకముందే ఎసరు మఱుగలేదేమని యడిగినట్లుండును మన తొందర.

నాలుగవది నాకు మిక్కిలి నచ్చినది: లోపలి గది. మీటల క్రింద రష్యను అక్షరములు, గీతలు పడిన రంగు, చేతి చెమటకు అరిగిన అంచు. నిర్మాతలు సొగసు కొఱకు వాడుకను దాచలేదు.

అయినను ఒక భేదము మఱువరాదు. మన వాయుసేన తుదిదినములలో నడిపినది బైసన్ అను సంస్కృత రూపము. దానిలో క్రొత్త రాడారు, క్రొత్త తెర, క్రొత్త క్షిపణులు. అనుబంధ విమానమునకు భారతీయ చక్రపుగుర్తులు పూసినంతమాత్రమున అది బైసన్ కానేరదు. ఇంటిలోని బిస్ నడిపి బైసన్ సామర్థ్యమును గూర్చి వాదములకు దిగు యువకులను చూచినపుడు, వేషము వేసికొన్నవాడు తానే రాజునని భ్రమించిన కథ తలపునకు వచ్చును.

ఇంతకంటె పెద్ద భేదము ప్రాణభయము. 2012లో రక్షణమంత్రి పార్లమెంటుకు తెలిపిన లెక్క ప్రకారము, 1971-72 నుండి ఆ ఏప్రిలు వఱకు అన్ని తరగతుల మిగ్ విమానములకు కలిపి 482 ప్రమాదములు జరిగినవి. 171 మంది చాలకులు మరణించిరి. మనుష్యుల పొరపాటును, యంత్రదోషమును రెండును కారణములని ఆయన చెప్పెను. పత్రికలు ఆ విమానమును శవపేటికయని పిలిచినవి. నాకా మాట ఇష్టము లేదు. హకీంపేటలో కిరణ్ వంటి సాధు విమానము మీద నేర్చిన యువకుడు, నడుమ మెట్టు లేకయే, ధ్వనికి రెండింతల వేగము పోగల మిగ్‌లోనికి ఎక్కవలసి వచ్చెడిది. నడిమి మెట్టు కావలెనని, అనగా ఉన్నత శిక్షణకు తగిన జెట్ విమానము కొనవలెనని, లాఫొంతేన్ సంఘము 1982లోనే సిఫారసు చేసెను. హాక్ విమానముల కొనుగోలుకు ఒప్పందమైనది 2004లో. బీదరులో అవి పని మొదలిడినది 2008లో. నడుమ గడచిన యిరువదియాఱేండ్ల కాలమునకు వెల యెవరు చెల్లించిరో పై లెక్కలో కొంత కనబడును. గృహ సిమ్యులేటరులో ఎస్పీఎస్ ఆగి విమానము కూలినపుడు, మీట నొక్కి మరల ఆరంభింపవచ్చును. ఆ వెసులుబాటు గలవాడు, అది లేనివారిని గూర్చి తేలికగా మాటలాడరాదు.

ఇక చిక్కుల సంగతి. యుద్ధవిమాన అనుబంధములు కొన్నవారికి మొదటివారమంతయు సాధారణముగ దోషవిచారముతోనే గడచును. మన ప్రాంతము నూలుమిల్లులది. రాజపాళయమున పోగు తెగినపుడు అనుభవజ్ఞుడైన ఫిట్టరు తెగినచోటనే కన్నులు పెట్టికొని కూర్చుండడు. దానికి ముందున్న యంత్రమును చూచును, అంతకు ముందు దూదిని చూచును. ఒక్కసారి ఒక్క మరను మాత్రమే సవరించును. రెండింటిని కలిపి త్రిప్పినచో ఏది బాగుచేసినదో తెలియదు గదా. సిమ్యులేటరు విషయమున ఇంతకుమించిన సూత్రము లేదు.

విమానము తనంత తాను ఒకప్రక్కకు ఒరుగుచున్నదనుకొందము. పదింట ఆఱుసార్లు విమానమును తప్పుపట్టుట అన్యాయమని నా అభిప్రాయము. క్రొత్త జాయిస్టిక్కును తగిలింపగానే సిమ్యులేటరు అడుగకయే దాని యక్షములను కొన్ని పనులకు ముడివేయును. కఱ్ఱయు, కాలిపలకయు, ఎంజిను మీటయు మూడును తలకొక దిక్కుగా విమానమును త్రిప్ప జూచును. ఇద్దఱు కోడండ్లు ఒక్క గరిటె పట్టినట్లు. ఆ ముడులనన్నింటిని విప్పి, కావలసినవి మాత్రమే మరల కట్టవలయును. పాత జాయిస్టిక్కులలో స్థితిని కొలుచునది రాచుకొను నిరోధకము. దుమ్ము చేరినకొలది దాని లెక్క గంతులు వేయును. అయస్కాంతముతో కొలుచు క్రొత్తవాటిలో రాపిడి లేదు గనుక అవి మన్నును. దూది దుమ్ము గల ఊళ్లలోనివారు ఈ భేదమును తెలిసికొని కొనుట మేలు.

ఎఫ్-16 వంటి వానిలో దారిచూపు యంత్రము నేలమీద కదలకుండ కొన్ని నిమిషములు నిలిచి, భూభ్రమణమును గ్రహించి, తానెటు చూచుచున్నదో తేల్చుకొనవలయును. అది ముగియకముందే విమానమును కదల్చినవాడు, పటములో తాను సముద్రమునందున్నట్లు కనబడినచో నిర్మాతను నిందింపరాదు.

నిజమైన లోపములును కలవు. 2006 నాటి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరున పాత అనుబంధములు చేర్చినపుడు గడియారముల స్థానమున నల్లని రంధ్రములు కనబడెడివి. వానిని నడుపు సహాయక గ్రంథకోశము కంప్యూటరులో లేకపోవుటయే తఱచు కారణము. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకముకంటె ఎక్కువ వాడుకొనలేని కార్యక్రమమగుటచే, బరువైన యుద్ధవిమానముతో దూరప్రయాణము చేసి తుదకు దిగు సమయమున ఆగిపోవుటయు కద్దు. డీసీఎస్ వేదికలో, అనుబంధపు ముఖ్యమైన దస్త్రమునే వైరస్ నిరోధకము దొంగయని పట్టి దాచిపెట్టిన సందర్భములు పెక్కు. మూలప్రతితో పోల్చి చెడినవానిని మార్చు సాధనము ఆ వేదికలోనే యున్నది. దానిని వాడకముందు మనము చేర్చిన అలంకారములను తొలగించుట ఉచితము. అప్పటికిని కుదురనిచో, మన అమరికలుండు సంచయమునకు వేఱు పేరు పెట్టి మరల ఆరంభింపవలెను. కార్యక్రమము క్రొత్త సంచయమును తానే సృష్టించుకొనును. అపుడు బాగుపడెనా, దోషము మన అమరికలదే. దీని కొఱకు కంప్యూటరునంతయు తుడిచివేయువారిని చూచియున్నాను. ఎలుక దూరినదని ఇల్లు తగులబెట్టుకొనుట కంటె ఇది వేఱు గాదు.

ఈ చిక్కులన్నియు చిన్నవి. పెద్ద చిక్కు మఱియొకటి కలదు. అది కాలము. తాళపత్రమునకు చెదలు పట్టును, అచ్చుపుస్తకము పసుపెక్కును, అనుబంధ విమానమునకో, ఏ తెగులు లేకయే ఆయువు తీఱును. 2017లో ఒక ప్రసిద్ధ వేదిక ముప్పదిరెండు అంకముల విధానమునుండి అఱువదినాలుగింటి విధానమునకు మాఱినపుడు, పాత పద్ధతిలో కూర్చిన గడియారములు గల అనుబంధములెన్నో ఒక్కరోజున పనికిమాలినవైపోయినవి. వానిని చేసినవారిలో కొందరప్పటికే ఆ పని మానిరి. మిగ్-21 అనుబంధమును చేసిన బృందము సైతము విడిపోగా, దాని పోషణ చీలికలో ఒక పాలివారికి వచ్చినది. 2024లో ఎఫ్-15ఈ అనుబంధపు నిర్మాతలకును వేదిక యజమానులకును ధనవిషయమైన తగవు పుట్టి, ఆ విమానమును తీర్చిదిద్దు పని నిలిచిపోయెను. మన వాయుసేన 1985 నుండి నడుపుచున్న మిరాజ్ 2000కు దగ్గరిదైన ఫ్రెంచి మిరాజ్ 2000సీని చేసినవారును వారే. డబ్బిచ్చి కొన్నవాని యింట ఆ విమానములున్నవి. కాని వేదిక మాఱినకొలది వానిని దిద్దువారు కావలయును గదా. ఈ దృష్టితో చూచినచో, మూలలిపి పొక్కిన ఫాల్కనే అదృష్టవంతురాలు. చట్టము మెచ్చనిది కాలము మెచ్చినది.

దీని వలన మనకు పోవునదేమి యని అడుగవచ్చును. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 తుది దళము వీడ్కోలు పుచ్చుకొన్నది. దళమున చేరిననాటి నుండి అఱువదిరెండేండ్లు. ఇక మన దేశమున దానిని కూడలులలో స్తంభములమీద, ప్రదర్శనశాలలలో చూడవచ్చును. కాని అవి మూగవి: గాజుమూత బిగింపబడియుండును, గడియారముల ముండ్లు కదలవు. ఎంజిను తగ్గించిన క్షణమున రెక్క ఊపిరి ఎట్లు పోవునో, గైరో మేల్కొనుటకు ఎంత తడవు పట్టునో, ఏ దీపము ముందు వెలుగునో స్తంభము మీది విమానము చెప్పజాలదు. ఆ సంగతులను చెప్పగలవి రెండే. ఒకటి నడిపినవారి, బాగుచేసినవారి జ్ఞాపకము. రెండవది ఆ జ్ఞాపకములను అడిగి తెలిసికొని కట్టిన అనుకరణము. మొదటిది వయసుమీరుచున్నది. రెండవది వేదిక మాఱిన ప్రతిసారి గండము గడుపుకొనుచున్నది.

బాలానగరు కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలు తెలుగునాట నింకను కలరు. వారు చేతితో పరీక్షించిన పరికరములలో పాత రూపముల విమానములవియు కలవు. వాని సంగతి తెలిసిన అనుకరణకారుడు లేడు. డీసీఎస్ వేదికపై అనుబంధముగ వెలువడినది బిస్ రూపమే. 1971లో ఢాకా మీదికి పోయిన ఎఫ్ఎల్ రూపమునకు ఆ స్థాయి అనుకరణము లేదు. దానిని కట్టదలచిన యువకుడెవడైన రాజపాళయమున గాని చెన్నపట్టణమున గాని బయలుదేరినచో, అతనికి మొదట కావలసినది శక్తిమంతమైన కంప్యూటరు కాదు. ఏ మీట ఏ వైపునకు బిగువుగా తిరిగెడిదో, ఏ దీపము తఱచు వట్టిగా వెలిగి భయపెట్టెడిదో చెప్పగల ముదుసలి యొకరు కావలెను. ఆ ప్రశ్నలను తెలుగుననే అడుగవచ్చును.